ఓడ ఒడ్డుకు రాని రేవు: కాకినాడ లంగరుచోటు, కులం, కూలి

కాకినాడ మీద రాసిన ప్రతి పుస్తకంలోనూ రేవు ఉంటుంది. జగన్నాథపురంలో డచ్చివాళ్ళుంటారు. 1825లో ఆ డచ్చి పేట ఇంగ్లీషువాళ్ళ చేతికి రావడం ఉంటుంది. కాటన్ దొర ఆనకట్టా, కాలవలూ, పత్తి వ్యాపారం, 1868లో పెట్టిన ఛాంబర్ ఆఫ్ కామర్సూ, దొరల కంపెనీల పేర్లూ అన్నీ ఉంటాయి. ఒక్క ప్రశ్న మాత్రం ఎక్కడా ఉండదు. ఓడ ఒడ్డుకు రాదు గదా, అయిదారు మైళ్ళ దూరంలో సముద్రంలో ఆగిపోతుంది గదా, ఆ అయిదారు మైళ్ళూ బస్తా ఎలా నడిచింది? ఎవరి వీపు మీద నడిచింది?

మేం ఈ వ్యాసంలో ఆ దూరాన్ని గురించే మాట్లాడదల్చుకున్నాం. ఓడరేవుల చరిత్ర అంటే ఓడల చరిత్ర అనీ, షావుకార్ల చరిత్ర అనీ మనకి బళ్ళో నేర్పేరు. ఓడకీ ఒడ్డుకీ మధ్య పనిచేసినవాళ్ళకి చరిత్ర ఉండదనుకున్నారో, వాళ్ళది చరిత్ర కాదనుకున్నారో తెలీదు గానీ, జిల్లా గెజిటీర్లలో వాళ్ళు 'కూలీలు' అనే ఒక్క మాటలో అయిపోతారు. అదే గెజిటీరులో కులాల అధ్యాయానికి వస్తే మాలలూ మాదిగలూ పేజీలకి పేజీలు కనబడతారు. వాళ్ళ పెళ్ళిళ్ళూ, వాళ్ళ దేవతలూ, వాళ్ళ చావు తంతులూ. వాళ్ళు చేసే పని ఒక అధ్యాయంలో, వాళ్ళ కులం ఇంకో అధ్యాయంలో. ఈ రెండు అధ్యాయాలనీ కలిపి చదవకూడదని ఎవరూ చట్టం చెయ్యలేదు. మేం కలిపి చదివేం.

ముందు రేవు సంగతి. కాకినాడది సహజమైన లంగరుచోటు. గోదావరి పాయలు తెచ్చిపోసిన ఇసుక సముద్రంలోకి పొడుగ్గా ఒక నాలికలాగా పెరిగి, ఉత్తరం వైపుకి సాగింది. అదే హోప్ ఐలాండ్. పదహారు కిలోమీటర్ల వరకూ ఉన్న ఈ ఇసుక దిబ్బ బంగాళాఖాతపు కెరటాలకి అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని వెనకాల ఉన్న నీళ్ళు చాలా నెలలు చెరువులాగా ఉంటాయి. అందుకే ఇక్కడ మద్రాసులోలాగా, భీమునిపట్నంలోలాగా కెరటాల్ని దాటడానికి తాళ్ళతో కుట్టిన మసూలా పడవలు అక్కర్లేకపోయింది. పెద్ద చెక్క పడవలే సరుకు మోసేయి. అయితే ఏ గోదావరి ఆ దిబ్బని కట్టిందో ఆ గోదావరే ఒండ్రు పోసి అఖాతాన్ని మెరక చేసింది. పెద్ద ఓడ లోపలికి రావడానికి లోతు లేదు. కోరంగి పని అలాగే అయింది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు, ఓడలు బాగుచేసిన ఊరు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు దాన్ని ముంచేసేయి. మిగిలిందాన్ని ఒండ్రు పూడ్చేసింది. కోరంగి వ్యాపారం ఉత్తరంగా జరిగి కాకినాడకి వచ్చింది. కోరంగి అనే పేరు మాత్రం చచ్చిపోలేదు. దాని సంగతికి తర్వాత వస్తాం.

పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళ కోసం చెప్పాలి, ఎందుకంటే మన చదువుకున్నవాళ్ళలో చాలామంది ఈ పని చూసి ఉండరు. ఓడ దూరంగా లంగరు వేస్తుంది. ఊళ్ళోకి వచ్చే కాలవ గట్టు మీద గొడౌన్లుంటాయి. గొడౌన్లోంచి బస్తా హమాలీ వీపు మీద గట్టుకొస్తుంది. పలక మీద నడిచి పడవలోకి దిగుతుంది. వెనకటి రోజుల్లో పడవ తెరచాప మీదా, తెడ్ల మీదా, పోటు పాట్లు చూసుకుని కదిలేది. తర్వాత ఇనప బార్జీలొచ్చేయి, వాటిని లాగే టగ్గులొచ్చేయి. ఓడ పక్కకి చేరేక పడవలో ఉన్న జట్టు బస్తాల్ని వల మీద పేరుస్తారు. ఓడ మీదున్న క్రేను ఆ వలని పైకి లాగుతుంది. ఓడ కడుపులో ఇంకో జట్టుంటుంది. వాళ్ళు ఆ బస్తాల్ని విప్పి మూల నుంచి మూలకి సర్దాలి. అలలకి పడవ లేస్తుంది, ఓడ లేవదు. వల ఊగుతుంది. కింద నిలబడ్డవాడి ప్రాణం ఆ ఊపులో ఉంటుంది. ఒకే బస్తా ఓడలో పడేసరికి నాలుగైదు చేతులు మారుతుంది. ఓడ గట్టుకి ఆనుకునే రేవులో ఈ చేతుల్లో సగం అక్కర్లేదు. లంగరుచోటు రేవంటే అర్థం అది. కట్టని గోడకి బదులు మనుషుల్ని నిలబెట్టడం.

మెరక వల్లనే రేవు కట్టలేదని ఇంజనీర్లు అంటారు. అది నిజమే. కాలవ మూతి పూడిపోకుండా తవ్వోడలు పెట్టి తవ్వుతూనే ఉన్నారు గూడా. కానీ మాకు ఇంకో సంగతి కనబడుతోంది. విశాఖపట్నంలో ఊబి నేలని తవ్వి 1933లో రేవు తెరిచేరు. కాకినాడకి లోతు రేవు 1990ల్లో గానీ రాలేదు. మధ్యలో ఉన్న అరవై ఏళ్ళూ మోసే వీపులు చవగ్గా దొరికేయి. చవగ్గా దొరికినంత కాలం ఏ సర్కారుకీ, ఏ షావుకారుకీ తొందర లేదు. చవగ్గా ఎందుకు దొరికేయన్నదే అసలు ప్రశ్న.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలు కాకినాడ దాకా వచ్చేయి. కాలవ అంటే పొలానికి నీరు మాత్రమే కాదు, పంట రేవుకి పోయే దారి కూడా. ఆ కాలవల్ని తవ్వింది ఉప్పర్లూ, వడ్డెర్లూ, ఊరూరి మాల మాదిగలూ. డెల్టాలో పల్లపు సాగు పెరిగింది, భూమి ధర పెరిగింది. 1861 నుంచి 65 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోతే ఇంగ్లండు మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. గుంటూరు పత్తి సయితం కాకినాడ మీదుగా పోయింది. పల్లెటూరు కాస్తా పట్నమైంది. అమెరికాలో నల్లజాతి బానిసల విముక్తికి దారితీసిన యుద్ధం ఇక్కడ కాకినాడ షావుకార్లకి మేడలిచ్చింది. పాలేర్లకి ఏమిచ్చింది? నీరొచ్చిన భూమి ఎవడిదో ఫలితం వాడిది. మాలపేటకి సెంటు భూమి రాలేదు. కాటన్ దొర ఫోటోకి దండ వేసేటప్పుడు డెల్టా అంతా ఒకటే డెల్టా అన్నట్టు మాట్లాడతారు. కాలవకి ఎగువా దిగువా ఉన్నట్టే డెల్టాకి ఊరూ ఉంది, పేటా ఉంది.

భూమి లేనివాడు, ఏడాది పొడుగునా అప్పుకింద ఒక రైతు దగ్గర పాలేరుగా ఉన్నవాడు, నూతి దగ్గరకి రానివ్వనివాడు, పంట కోతలయ్యేక పని లేనివాడు. ఇలాంటివాడికి రేవు రెండు రకాలుగా తెరుచుకుంది. ఒకటి రేవులో కూలి. రెండు, రేవు దాటి పోవడం.

ఈ రెండోదాన్నే మన పేటల్లో 'రంగం పోవడం' అన్నారు. రంగం అంటే రంగూన్. బ్రిటిష్ ఇండియా స్టీమర్ కంపెనీ ఓడలు కోస్తా రేవులన్నీ తిరిగి జనాన్ని ఎక్కించుకుని బర్మా పోయేవి. గోపాలపూర్, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ. బియ్యపు మిల్లులకీ, రేవు పనికీ మేస్త్రిలు ఊళ్ళమీద పడి అడ్వాన్సులిచ్చి మనుషుల్ని పోగేసేవారు. అడ్వాన్సు తీసుకున్న క్షణం నించీ వాడు మేస్త్రికి బాకీదారు. ఇక్కడ కాపు దగ్గర బాకీ, అక్కడ మేస్త్రి దగ్గర బాకీ. తేడా ఏమిటంటే అక్కడ డబ్బు కూలి, ఇక్కడ గింజల కూలి. అక్కడ నువ్వెవడివని అడిగి పక్కకి జరిగేవాళ్ళు తక్కువ.

పెట్టెలో సరుకు ఎలా పోయిందో మనుషులూ అలాగే పోయేరు. అదే కాలవ గట్టు, అదే పడవ, అదే ఓడ. పడవలో కిక్కిరిసి ఓడ దాకా పోయి, నిచ్చెన ఎక్కి, డెక్కు మీద ఎండకీ వానకీ కూచుని బంగాళాఖాతం దాటేరు. నిన్నటిదాకా ఓడలోకి బస్తాలెత్తినవాడు ఈ రోజు ఓడలోకి తనే ఎక్కేడు. సముద్రం దాటితే కులం పోతుందని అగ్రవర్ణాలు భయపడిన కాలం అది. చదువుకోడానికి ఇంగ్లండు వెళ్ళొచ్చిన బ్రాహ్మణుడికి ప్రాయశ్చిత్తాలు చేయించిన కాలం. పోవడానికి పరువైన కులమంటూ లేనివాడికి సముద్రం అడ్డు కాలేదు. రంగం పోయినవాళ్ళంతా దళితులే అని మేం అనడం లేదు. ఉత్తరాంధ్ర నుంచి గవర, వెలమ, కాపు కులాల పేదలు చాలామంది పోయేరు. కానీ మాల మాదిగల వలసకి ఉన్న అర్థం వేరు. అది ఆకలి నుంచి మాత్రమే పోవడం కాదు. చరిత్రకారుడు అడపా సత్యనారాయణ ఈ వలసల మీద చేసిన పని చదివినవాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. బర్మా డబ్బుతో సొంత ఊళ్ళో భూమి ముక్క కొనుక్కోవడం, పెంకుటిల్లు కట్టుకోవడం, పాలేరుతనం నుంచి బయటపడటం జరిగింది. పెంకుటిల్లు కట్టిన మాలవాణ్ణి ఊరు ఎలా చూసిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కోరంగి పేరు దగ్గరకి వద్దాం. బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అన్నారు. మారిషస్‌లో కూడా తెలుగు కూలీలకి అదే పేరు. ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది. ఊరు పూడిపోయింది, పేరు మనుషుల మీద మిగిలింది. అది గౌరవంగా పిలిచిన పేరు కాదు. రంగూన్‌లో ఓడలకి సరుకెత్తినవాళ్ళూ, రిక్షాలు లాగినవాళ్ళూ, దొడ్లు ఎత్తినవాళ్ళూ ఎక్కువమంది తెలుగువాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. వాళ్ళలో షావుకార్లూ ఉన్నారు, గుమాస్తాలూ ఉన్నారు, చెట్టియార్లూ ఉన్నారు. 'కోరంగీ' అనే మాట మాత్రం కూలికే. తెలుగు జాతి ఔన్నత్యం గురించి రాసే పండితులు సముద్రాలు దాటిన తెలుగువాళ్ళని చెప్పేటప్పుడు శాతవాహనుల నాణేల మీద ఓడ బొమ్మల్ని చూపిస్తారు. నిన్నగాక మొన్న లక్షలమందిని దాటించిన రేవుని చూపించరు. ఎందుకంటే ఆ దాటినవాళ్ళు మాలవాడూ మాదిగవాడూ.

1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగింది మన కార్మికోద్యమ చరిత్రలోకి సరిగ్గా ఎక్కలేదు. తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టేరు. సరుకెత్తించే కంపెనీలు సమ్మె విరగ్గొట్టడానికి బర్మీయుల్ని పనిలోకి తెచ్చేయి. కొన్నాళ్ళకి కంపెనీలు దిగొచ్చి రాజీ అయ్యేక తెలుగువాళ్ళు పనిలోకి తిరిగొచ్చేరు. మే 26 ఉదయం పనికొచ్చిన బర్మీయుల్ని మీకు పని లేదు పొమ్మన్నారు. కొట్లాట అక్కడ మొదలై ఊరంతా పాకింది. తెలుగు కూలీల్ని వెంటాడి కొట్టేరు. అధికారిక లెక్కే వందమందికి పైగా చచ్చిపోయారని. కూలి పెంచమన్న పేదవాడికీ, పని కావాలన్న పేదవాడికీ మధ్య కత్తి పెట్టినవాడికి ఏమీ కాలేదు. ఆ తర్వాత 1938లో మళ్ళీ గొడవలు. 1941 చివర్లో జపాను బాంబులు. 1942లో లక్షలమంది భారతీయులు బర్మా విడిచి, అందులో చాలామంది కాలినడకన అరకాను దారినా, మణిపురం, అస్సాం కొండలమీదుగానూ వచ్చేరు. దారిలోనే చాలామంది పోయేరు. ఓడ టిక్కెట్టు దొరికింది డబ్బున్నవాడికీ, తెల్లవాడికీ. ఓడలోకి జన్మంతా బరువెత్తినవాడికి ఓడలో చోటు లేకపోయింది.

మిషను గురించి ఒక మాట. 1874లో కెనడా బాప్టిస్టు మిషను కాకినాడ కేంద్రంగా పని మొదలుపెట్టింది. మెక్‌లారిన్ దొర పేరు ఇప్పటికీ బడి మీద ఉంది. ఆయన్ని ఇక్కడికి రప్పించింది థామస్ గాబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు. అంతకుముందు తంతి శాఖలో ఉద్యోగం చేసినవాడు. తంతీ, స్టీమరూ, మిషనూ ఒకే రేవుకి ఇంచుమించు ఒకే తరంలో వచ్చేయి. మతం మార్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాలలూ మాదిగలూ. బియ్యం కోసం మారేరని ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేస్తారు. బియ్యం కోసమైతే తప్పేమిటి, ఆ బియ్యం పండించినవాడు వాడే గదా అని మేం అడుగుతాం. అక్షరం కూడా ఆ దారిలోనే వచ్చిందన్నది అసలు సంగతి. రంగం నుంచి వచ్చిన డబ్బూ, మిషను బడి నుంచి వచ్చిన చదువూ కలిసిన చోట్ల నుంచే తర్వాత ఆది ఆంధ్ర ఉద్యమానికి మనుషులొచ్చేరు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్ళు 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అన్నప్పుడు గోదావరి జిల్లా పేటలు దాన్ని అందిపుచ్చుకోడానికి సిద్ధంగా ఉన్నాయంటే కారణం ఇక్కడ ఉంది.

1923 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ కాకినాడలో జరిగింది. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ. ఆయన అధ్యక్షోపన్యాసంలో అస్పృశ్యుల్ని బాగుచెయ్యడానికి దేశాన్ని ప్రాంతాలుగా విడగొట్టి హిందూ ముస్లిం సంఘాలు పంచుకునే ఆలోచన ప్రస్తావనకి వచ్చింది. అంబేడ్కర్ తర్వాత కాంగ్రెసూ గాంధీ అస్పృశ్యులకి చేసిందేమిటన్న పుస్తకంలో దీన్ని ఎత్తి చూపేరు. మనుషుల్ని వాటాలెయ్యడం గురించి పందిట్లో ఉపన్యాసం జరుగుతున్నప్పుడు, అదే ఊళ్ళో కాలవ గట్టు మీద ఆ మనుషులే బస్తాల్ని మోస్తున్నారు. మీకేం కావాలని వాళ్ళని అడిగిన తీర్మానం మాకు కనబడలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. 1948లో డాక్ వర్కర్ల చట్టం వచ్చింది. అప్పుడు కార్మిక మంత్రి జగ్జీవన్ రాం. రోజుకి ఒకరోజు పని దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు బతికే రేవు కూలీని రిజిస్టరు చేసి, పని లేని రోజుకి కూడా కొంత ఇచ్చి, మేస్త్రి చేతిలోంచి తప్పించడం ఆ చట్టం ఉద్దేశం. బొంబాయి, కలకత్తా, మద్రాసు, విశాఖపట్నం లాంటి పెద్ద రేవుల్లో డాక్ లేబర్ బోర్డులు వచ్చేయి. కాకినాడ పెద్ద రేవు కాదు. రాష్ట్ర ప్రభుత్వం కింద ఉన్న చిన్న రేవు. బోర్డు ఇక్కడికి రాలేదు. నూట యాభై కిలోమీటర్ల అవతల విశాఖలో అదే బస్తా మోసినవాడికి కార్డూ, ఫించనూ, ఆస్పత్రీ. ఇక్కడ మోసినవాడికి మేస్త్రీ, జట్టూ, అడ్వాన్సూ. రెండు రేవుల మధ్య తేడా లోతులోనే ఉందనుకునేవాళ్ళు ఈ లోతు కూడా కొలవాలి. యూనియన్లు పెట్టుకుని, కొట్లాడి, టన్నుకింతని రేటు తెచ్చుకున్నారు నిజమే. కానీ యూనియన్లలో జట్టు మేస్త్రి పెత్తనం పోయిందా, ఏ కులం జట్టుకి ఏ పని అన్న లెక్క పోయిందా అన్నది కార్మిక నాయకులు ఇష్టంగా మాట్లాడే విషయం కాదు. పడవ మీద సరంగూ తండేలూ ఎక్కువగా బెస్త కులాల నుంచి వచ్చినవాళ్ళు. అది వాళ్ళ తరతరాల విద్య. ఆ విద్యకి దక్కిన గౌరవమూ ఏమంత లేదు. ఓడ కడుపులో దుమ్ము పీల్చి బస్తా సర్దే పని ఎవరిదో, ఖాళీ అయ్యేక కింద పడిన గింజల్ని ఊడ్చే ఆడవాళ్ళు ఎవరో పేటల్లోకి వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

1990ల్లో ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో వాకలపూడి వైపు లోతు రేవు కట్టేరు. 1999లో దాన్ని ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పేరు. అక్కడ ఓడ గట్టుకి ఆనుతుంది. లంగరుచోటు మాత్రం ప్రభుత్వం చేతిలోనే, బార్జీల మీదే నడుస్తోంది. దానికి మిగిలింది ముఖ్యంగా బియ్యం. 2011లో బాసుమతి కాని బియ్యం మీద నిషేధం ఎత్తేసేక భారతదేశం ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశమైంది. ఆ బియ్యంలో పెద్ద భాగం కాకినాడ నుంచి పోయింది, ఎక్కువగా పశ్చిమ ఆఫ్రికాకి. 2021లో ఓడలు వరసకట్టి రోజులకి రోజులు ఆగిపోతే లోతు రేవులో కూడా బియ్యం ఎత్తడానికి అనుమతిచ్చేరు. ఎగుమతిదార్లకి అది ఊరట. బార్జీ కూలీలకి అది నోటికాడ కూడు. 2023 జులైలో ఢిల్లీ తెల్ల బియ్యం ఎగుమతిని ఆపింది, 2024 సెప్టెంబరులో మళ్ళీ తెరిచింది. గజిట్‌లో ఒక్క పేజీ. రోజు కూలివాడికి అది పధ్నాలుగు నెలలు. ఉప్పుడు బియ్యం పోతూనే ఉంది గదా అంటారు. దాని మీద కూడా సుంకం వేసేరు. సుంకం ఎగుమతిదారు కట్టేడు. తగ్గిన ఓడల లెక్క కట్టింది జట్టు.

2024 నవంబరులో ఈ లంగరుచోటు దేశమంతటి పత్రికల్లోకి ఎక్కింది. ఉప ముఖ్యమంత్రి పడవెక్కి ఓడల దాకా వెళ్ళేరు. రేషను బియ్యం ఓడలెక్కి పోతోందని గొడవ. స్టెల్లా ఎల్ అనే ఓడలో 1320 టన్నుల రేషను బియ్యం ఉన్నట్టు అధికారులు తేల్చేరు. ఓడని ఆపడం, వదలడం, కేసులూ, రాజకీయాలూ మనం చూసేం. వాటిలో ఎవరు దొంగ, ఎవరు దొర అన్నది తేల్చడం ఈ వ్యాసం పని కాదు.

కానీ ఆ బియ్యం నడిచిన దారిని ఒకసారి వెనక్కి చూడండి. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. కార్డు అనేది పేటల్లోకి వచ్చిన మొదటి ప్రభుత్వ కాగితాల్లో ఒకటి. కాపు ఇంటి ముందు గింజల కోసం నిలబడక్కర్లేకుండా చేసిన కాగితం. ఆ కార్డు మీద రావాల్సిన బియ్యం చేతులు మారి, మిల్లులో పాలిషు పట్టి, కొత్త సంచీలోకెక్కి, గొడౌనుకొచ్చి, గట్టు మీదికొచ్చింది. గట్టు మీద దాన్ని ఎత్తింది ఆ కార్డున్నవాడే. సంచీ మీద ఏముందో వాడికి చదవడం రావచ్చు, రాకపోవచ్చు. లోపలున్నది తన బియ్యమని వాడికి చెప్పినవాడు లేడు. యాభై కిలోల సంచీ. పలక మీదుగా బార్జీలోకి. ఓడ ఇంకా అయిదారు మైళ్ళ దూరంలో ఉంది.